అమ్మ చోటు

ఫిబ్రవరి 18, మంగళవారం

ఫ్లాట్లుగా మారుస్తున్న పక్క మిల్లు ముందు మళ్ళీ కాంక్రీటు లారీలు. వీధికి ఒక పక్కంతా "ఇక్కడ ఆపరాదు" అని పలకలు పెట్టేశారు. మా వీధి, వెనక వీధి, చర్చి చుట్టూ, మళ్ళీ మా వీధి. ఒక్క కారు పట్టేంత సందు కూడా దొరకలేదు. చివరికి కాలువ అవతల, వంతెన దాటాక, చేపల గోదాము గోడ పక్కన పెట్టి వానలో నడిచొచ్చాను. బూట్లలోకి నీళ్ళు దిగాయి.

మా ఇంటి ముందు మాత్రం అమ్మ చోటు ఖాళీగా ఉంది. నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ, స్తంభానికి నీలం పలక. అమ్మకి మోకాళ్ళు పూర్తిగా పడిపోయాక నగరపాలక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వేయించుకున్న వికలాంగుల చోటు అది. కార్డున్నవాళ్ళే అక్కడ కారు పెట్టాలి. జనవరిలో అమ్మ పోయింది. బొమ్మ మాత్రం అలాగే ఉంది.

ఎదురింటి ఫెర్నాండ్ గుమ్మంలో నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు మా వీధిని నడుపుతున్నాడు.

"ఏం అమ్మాయ్, ఈదుకుంటూ వచ్చావా?"

"కాలువ అవతల పెట్టి వచ్చాను."

"ఇంటి ముందు బావి పెట్టుకుని ఊరంతా దాహమని తిరుగుతున్నావే! ఆ చోటులో పెట్టుకో. మీ అమ్మ కార్డు ఇంకా చెల్లుతుందిగా?"

"చెల్లుతుంది గానీ, తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఇద్దువుగానిలే. పోయినవాళ్ళకి తొందరేముంది?"

వాన తగ్గాక వెళ్ళి కారు తెచ్చి అమ్మ చోటులో పెట్టాను. నీలం కార్డు ముందు అద్దం వెనక పెట్టాను. కార్డు వెనకవైపు అమ్మ ఫోటో ఉంటుంది, బయటికి కనబడదు. ఈ ఒక్క రోజుకే. శనివారం దాన్ని బ్రస్సెల్స్‌లో కార్డులిచ్చే ఆఫీసుకి పంపించేస్తాను. కవరు కూడా కొని ఉంచాను.

ఫిబ్రవరి 22, శనివారం

పంపలేదు. స్టాంపులు లేవు.

మార్చి 4

కార్డు గడువు ఇంకా రెండేళ్ళుంది. ఈ వీధిలో కార్డున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ చోటు ఖాళీగా పడి ఉంటే ఎవరికి ఉపకారం? దుకాణంలో పొద్దుట నుంచి సాయంత్రం దాకా ముసలివాళ్ళ చెవుల్లో వినికిడి యంత్రాలు పెడుతూ నిలబడే ఉంటాను. నా నడుమూ ఏమంత గట్టిది కాదు.

మార్చి 21

మూలనున్న కాఫీ హోటల్లో వీధి సంఘం సమావేశం. పాత నూలు మిల్లులో ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయాయట. వచ్చే నెల నుంచి జనం దిగుతారు. ఫ్లాట్లు కట్టినవాళ్ళు సెల్లార్లో కారు చోటుకి వేరే డబ్బు అడుగుతున్నారు. సగం మంది కొనలేదు.

"కొననివాళ్ళంతా ఎక్కడ పెడతారు కార్లు? మన నెత్తి మీద!" అన్నాడు ఫెర్నాండ్. అందరూ నవ్వారు, కోపంగానే.

నన్ను మాట్లాడమన్నారు. నా మాట నెమ్మదిగా, స్పష్టంగా ఉంటుందని అంటారు. చెవిటివాళ్ళతో మాట్లాడి అలవాటు. లేచి చెప్పాను: "వీధి అందరి సొత్తు. ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళకి ముందు చోటు దొరకాలి. న్యాయం అంటే అంతే."

చప్పట్లు కొట్టారు. రొట్టెల దుకాణం నడిన్ నా వీపు తట్టింది. ఫెర్నాండ్ బీరు పోయించాడు.

ఇంటికి నడిచి వచ్చాను. నా కారు ఎక్కడుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ సంగతి నాకు హాయిగానే అనిపించింది.

ఏప్రిల్ 9

సాయంత్రం తలుపు గంట మోగింది. నలభైకి ఇటువైపున్న ఆడమనిషి. పొట్టి జుట్టు, చేతిలో కర్ర లేదు, ఏమీ లేదు.

"ఇబ్బంది పెడుతున్నానా మేడమ్? పక్క మిల్లులో కింది ఫ్లాట్ మాది. నా పేరు సెవ్గి." పేరు టర్కీది గానీ మా గెంట్ ఊరి యాస నాకంటే చిక్కగా ఉంది. ఇక్కడే పుట్టిందట. పెద్దాసుపత్రిలో భాష రాని రోగులకీ డాక్టర్లకీ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేసే పని.

"ఈ ముందు చోటు గురించి వచ్చాను. నాకూ కార్డుంది. నరాల జబ్బు. చూస్తే తెలీదు. ఒకరోజు లేడిపిల్లలా నడుస్తా, ఒకరోజు కాళ్ళు నా మాటే వినవు, అచ్చం మా ఆయనలాగా." నవ్వింది. "మీ కార్లోనూ కార్డు చూశాను. ఎవరికండీ బాలేనిది?"

"మా అమ్మకి."

"అయ్యో. నడవలేరా?"

"నడవలేదు," అన్నాను.

"పైన పడుకుని ఉన్నారా?"

తలాడించాను.

సెవ్గి గొంతు తగ్గించేసింది, పైన ఉన్న మనిషికి నిద్రాభంగం అవుతుందేమోనని. "అయితే ఆ చోటు మీకే అవసరం. నాకంటే పెద్దావిడ కష్టం ఎక్కువ కదా. మీ కారు లేనప్పుడెప్పుడైనా పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి," అన్నాను, పెద్ద మనసున్నదానిలా.

ఏప్రిల్ 10

నేను అబద్ధం ఆడలేదు. "నడవలేదు" అన్నాను, అది నిజం. పడుకున్నారా అన్నది ఆమె. నేను నోరు విప్పలేదు.

రేపు వెళ్ళి చెప్పేస్తాను.

ఏప్రిల్ 27

చెప్పలేదు. ఇవాళ సెవ్గి ఒక గిన్నె తెచ్చింది. కందిపప్పు రంగులో చిక్కటి సూప్, పైన వెన్నలో వేయించిన మిరప పొడి.

"పెద్దమ్మకి అక్కా. పళ్ళతో పనిలేదు, మింగితే చాలు. కారం ఎక్కువనిపిస్తే పైది తీసేసి పెట్టు."

మేడమ్ పోయి అక్క వచ్చింది. మీరు పోయి నువ్వు వచ్చింది. వాళ్ళలో అంతేనట, తిండి పెట్టాక పరాయితనం ఉండదట.

గిన్నె వంటింటి బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. పారబోయడానికి మనసొప్పలేదు. నిలబడే తిన్నాను. మొదట రెండు గరిటెలు, తర్వాత అంతా. అమ్మ పోయాక నాకోసమని ఎవరూ వండి తేలేదు. ఇదీ నాకోసం కాదు.

మే 2

గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని నడిన్ దగ్గర కొన్న పాలవిరుగుడు కేకులు పెట్టి ఇచ్చాను.

"పెద్దమ్మ తిన్నారా?"

"ఇష్టంగా తింది," అన్నాను.

ఈసారి నోరు విప్పాను.

మే 11, ఆదివారం

అమ్మల పండగ. సెవ్గీ వాళ్ళాయన ఓర్హానూ వచ్చారు. ఓర్హాన్ రేవులో ఓడలకి వెల్డింగు చేస్తాడు. పెద్ద చేతులు, తక్కువ మాటలు. అతని చేతుల్లో గులాబీ రంగు పూలకుండీ.

"ఒక్క నిమిషం పైకెళ్ళి పెద్దమ్మకి ఇచ్చి వచ్చేస్తాం అక్కా. పెద్దవాళ్ళకి మా పద్ధతిలో చేతికి ముద్దు పెట్టుకుని వచ్చేస్తాం, అంతే."

"నిద్రపోతోంది."

"పోనీ రేపు?"

"ఈమధ్య కొత్తవాళ్ళని చూస్తే కంగారు పడుతోంది."

సెవ్గి ఏమీ అనుకోలేదు. ఆసుపత్రిలో అలాంటివాళ్ళని రోజూ చూస్తుందట. "మరి నువ్వు? నీకెవరు సాయం అక్కా? నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో," అంది.

వాళ్ళు వెళ్ళాక కుండీ తీసుకుని శ్మశానానికి వెళ్ళి అమ్మ రాయి ముందు పెట్టాను. అమ్మకని ఇచ్చారు, అమ్మకే ఇచ్చాను. దారి పొడుగునా ఆ మాటే అనుకున్నాను.

మే 30

ఇవాళ నేను వచ్చేసరికి వాళ్ళ కారు ఉంది చోటులో. నన్ను చూడగానే సెవ్గి కిటికీలోంచి కేకేసింది, "తీసేస్తున్నాం అక్కా, ఒక్క నిమిషం!" ఓర్హాన్ అన్నం ముందు నుంచి లేచి చేయి తుడుచుకుంటూ వచ్చి కారు తీశాడు. నేను ఇంజను ఆపకుండా వెనకాలే నిలబడ్డాను. అతను వీధి చివర మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు పెట్టాను.

జూన్ 15

సాయంకాలాలు అమ్మ గదిలో దీపం వేస్తున్నాను.

జూన్ 16

పాడుబడినట్టుంటుందని వేస్తున్నాను.

జూన్ 28

ఈమధ్య వాళ్ళ కారు చోటులో కనబడటం లేదు. అడిగితే, "మీకు అడ్డం ఎందుకని అక్కడ పెట్టడం మానేశాం అక్కా. పెద్దమ్మని అర్జంటుగా తీసుకెళ్ళాల్సొస్తే?" అంది. మిల్లు వెనక సందులో పెడుతున్నారట, దొరికితే. దొరక్కపోతే కాలువ అవతల.

"కష్టం కాదా?"

"నడిస్తే మంచిదేగా. డాక్టరూ అదే అంటాడు." కన్ను కొట్టింది. డాక్టరు అలా అని ఉండడు.

జూలై 5

కవరు మీద చిరునామా రాశాను.

జూలై 22

ఊరంతా ఉత్సవాలు. దార్లు మూసేశారు, బయటి ఊళ్ళ కార్లన్నీ మన వీధుల్లోనే. నేను రెండు రోజులుగా కారు కదపలేదు. తీస్తే చోటు పోతుంది.

సాయంత్రం గంట మోగింది. ఓర్హాన్ ఒక్కడే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"క్షమించాలి మేడమ్. సెవ్గి పడిపోయింది. కాలువ అవతల పెట్టి నడిచొస్తుంటే వంతెన పక్కనున్న మెట్ల మీద కాళ్ళు పట్టు తప్పాయి. మణికట్టు విరిగింది. దాంతో జబ్బూ తిరగబెట్టింది. డాక్టరు కొన్నాళ్ళు నడకే వద్దంటున్నాడు."

నేను ఏదో అన్నాను. అయ్యో అన్నట్టున్నాను.

"ఒక మాట అడగాలి. అడగడానికి సిగ్గుగా ఉంది." నిజంగానే అతని మొహం ఎర్రబడింది. "ఒకటి రెండు నెలలు ఆ చోటు మాకు వదలగలరా? పెద్దమ్మకి ఏ ఇబ్బందీ రాకుండా నేను చూసుకుంటా. ఆవిడ ఎక్కడికెళ్ళాలన్నా ఒక్క ఫోను కొట్టండి. పనిలో ఉన్నా వస్తా. మేడ మీంచి ఎత్తుకుని, మీ కారు ఎంత దూరంలో ఉన్నా అక్కడిదాకా తీసుకెళ్తా. మా అమ్మనీ చివర్లో అట్లాగే ఎత్తుకునేవాణ్ణి. బరువేం ఉండరు మేడమ్, ముసలివాళ్ళు."

చేతులు ముందుకి చాచి చూపించాడు, ఎంత జాగ్రత్తగా పట్టుకుంటాడో. ఆ ఖాళీ చేతుల్ని చూస్తూ నిలబడ్డాను.

నిజం అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను కూడా.

నేనన్న మాట ఇక్కడ రాయాలి. ఎక్కడా రాయకపోతే అనలేదనుకుంటాను కొన్నాళ్ళకి.

"అమ్మని అడిగి చెప్తాను," అన్నాను.

"అడగండి మేడమ్. ఆవిడ ఇష్టం. తొందరేం లేదు," అని టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

జూలై 23

పొద్దున్నే కారు తీసి కాలువ అవతల పెట్టాను. కార్డు సంచిలో వేసుకున్నాను. సెవ్గీ వాళ్ళకి ఫోన్ చేసి, "చోటు మీదే, ఎన్నాళ్ళయినా," అన్నాను. ఫోన్ తీసింది ఓర్హాన్. "పెద్దమ్మకి మా తరఫున చెప్పండి," అన్నాడు.

చెప్తానన్నాను.

ఇక దీంతో సరిపోయింది. చోటు ఇచ్చేశాను, కార్డు పంపేస్తాను. నెమ్మదిగా, ఒక నెలయ్యాక, అమ్మ పోయిందని చెప్తే చాలు. ఎవరికీ బాధ ఉండదు.

జూలై 25

నిన్న జరిగింది నిన్ననే రాయలేకపోయాను.

కూరగాయలు కొనుక్కుని వస్తున్నాను. ఓర్హాన్ కారు చోటులో పెట్టి దిగుతున్నాడు. ఫెర్నాండ్ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఓర్హాన్ గుండె మీద చేయి పెట్టుకున్నాడు.

"మేడమ్, సెవ్గి ఏడ్చేసింది తెలుసా. పెద్దమ్మకి ఎంత మంచి మనసు అంది. లేచి తిరగ్గానే ముందు ఆవిడ చేయి ముద్దు పెట్టుకోవాలంది."

"ఏ పెద్దమ్మ?" అన్నాడు ఫెర్నాండ్.

"ఈ మేడమ్ వాళ్ళ అమ్మగారు."

"ఇర్మానా? జనవరిలోనే పోయింది కదయ్యా! పెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఇదిగో, ఈ భుజమే."

ఓర్హాన్ నా వైపు తిరిగాడు. కోపం లేదు. ఆ మొహం ఏమిటో నేను ఇప్పటికీ చెప్పలేను. లెక్క తప్పిందేమో, తనకే సరిగా వినపడలేదేమో అన్నట్టు నా నోటి వైపు చూశాడు, మా దుకాణానికి వచ్చే మనుషులు చూసినట్టు. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

అతనికి అర్థమవడం నేను చూశాను.

తల వంచాడు. "ఆవిడకి స్వర్గంలో చోటు దొరకాలి," అన్నాడు. వాళ్ళలో పోయినవాళ్ళ గురించి అలా అంటారు. వ్యంగ్యం కాదు. అతనికి వ్యంగ్యం రాదు. కారు తాళం వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫెర్నాండ్ రెండు బీరు సీసాలు పట్టుకుని మా తలుపు తట్టాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"అబ్బో అబ్బో! ఏం నాటకం అమ్మాయ్! పడుకుని ఉందన్నావా? వాళ్ళు నమ్మారా? నేను మేడ మీద దీపం చూసి, పాపం అమ్మ మీద బెంగ అనుకున్నా!"

"నవ్వకండి ఫెర్నాండ్. ఆమె చేయి విరిగింది."

"విరిగితే నువ్వు విరిచావా? సెల్లార్లో చోటు కొనుక్కోలేనివాళ్ళు ఫ్లాటెందుకు కొన్నట్టు?"

"మీరంతా మొదట్నుంచీ చూస్తున్నారుగా నా కారు. ఒక్కరైనా తప్పని ఎందుకు చెప్పలేదు?"

విచిత్రంగా చూశాడు. "నీకెందుకు చెప్తాం? నువ్వు మన పిల్లవి. ఈ వీధిలో పుట్టావు."

జూలై 27

రొట్టెలు కొంటుంటే నడిన్ అడిగింది, "ఎత్తుకుని తీసుకెళ్తానన్నాడటగా, నిజమేనా?" వెనకున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఓర్హాన్ చేతులు చాచిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ వేళ ఫెర్నాండ్ కిటికీలోంచి అది చూసి ఉండాలి. అదేమిటో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రొట్టెతోపాటు ఒక కేకు ఊరికే వేసింది సంచిలో. అక్కడే వదిలేసి రావాల్సింది. తెచ్చుకున్నాను.

జూలై 28

కార్డు పంపించాను. ముందు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, అమ్మ పోయాక కూడా నేను వాడానని చెప్పాను. అవతలి అమ్మాయి, "పరవాలేదండీ, పంపించేయండి. మీ అమ్మగారి విషయంలో మా సానుభూతి," అంది.

జరిమానా ఉండదా అని అడిగాను.

"ఇప్పుడు ఎవరూ పట్టుకోలేదు కదండీ," అంది.

ఆగస్టు 3

వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను. గంట నొక్కలేదు.

ఆగస్టు 19

వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను.

సెప్టెంబరు 16

వీధి సంఘం. ఫెర్నాండ్ లేచి, ఇర్మా లేదు కాబట్టి ఆ వికలాంగుల చోటు తీసేయమని నగరానికి రాద్దామన్నాడు. బొమ్మ చెరిపేస్తే మామూలు చోటవుతుంది, ముందొచ్చినవాళ్ళు పెట్టుకుంటారు. "అది ఎవరి కోసం వేశారో ఆ ఇంటివాళ్ళే అడిగితే పని త్వరగా అవుతుంది. లుట్‌గార్డ్, నువ్వు సంతకం పెట్టు, చాలు." అందరూ నా వైపు నవ్వుతూ చూశారు.

తలుపు దగ్గర ఓర్హాన్ నిలబడి ఉన్నాడు. సంఘానికి అతను రావడం అదే మొదలు. కుర్చీలు ఉన్నా కూర్చోలేదు.

లేచాను. నా నెమ్మదైన, స్పష్టమైన గొంతు ఎటు పోయిందో.

"ఆ చోటు తీయొద్దు. అమ్మ పోయాక దాన్ని నేను దొంగతనంగా వాడుకున్నాను. నిజంగా అవసరమున్న మనిషి వచ్చి అడిగితే, అమ్మ పైన ఉందని చెప్పాను. వాళ్ళు అమ్మకి వండి తెచ్చారు, నేను తిన్నాను. సెవ్గి చేయి విరిగింది నా వల్ల. మార్చిలో ఇక్కడే నిలబడి న్యాయం గురించి మాట్లాడాను. అప్పుడూ నా కారు అక్కడే ఉంది."

ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అంది నడిన్. "అందరం ఏదో ఒకటి చేస్తూనే ఉంటాం."

"దుఃఖంలో ఉంది, పాపం," అన్నాడు ఇంకెవరో.

"కూర్చో అమ్మాయ్, కూర్చో," అన్నాడు ఫెర్నాండ్ చిరాగ్గా. "మనం మాట్లాడేది నీ గురించి కాదు. చోటు గురించి."

అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఓర్హాన్ అన్నాడు, "ఆ చోటు కోసం మేం ఆగస్టులోనే అప్లికేషన్ పెట్టుకున్నాం. నగరంవాళ్ళు ఒప్పుకున్నారు. అది చెప్పి వెళ్దామనే వచ్చా."

నా వైపు చూడలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నా మాటలతో వాళ్ళకి అవసరమే లేకపోయింది. అవి నాకే కావలసి వచ్చాయి.

సెప్టెంబరు 18

ఫెర్నాండ్ ఇవాళ వీధి అవతల నుంచి అరిచాడు, "పునీత లుట్‌గార్డమ్మ వారూ! ఇవాళ రథం ఎక్కడ నిలిపారు?"

కాలువ అవతల, అన్నాను.

సెప్టెంబరు 27

గంట నొక్కాను. సెవ్గి తలుపు తీసింది. కట్టు విప్పేశారు గానీ చేయి సన్నబడింది. ఇప్పుడు కర్ర ఉంది. లోపలికి రమ్మనలేదు.

"క్షమించమని అడగడానికి రాలేదు," అన్నాను. దారిలో అనుకున్న మాట అది. నోట్లోంచి వచ్చాక అది కూడా అడగడమేనని తెలిసింది.

"ఒకటి చెప్పండి," అంది. మళ్ళీ మీరు. "నేను పంపిందంతా ఎవరు తిన్నారు?"

"నేనే."

"పారబోయలేదా?"

"లేదు."

కర్ర ఇంకో చేతికి మార్చుకుంది. "నేను శుక్రవారం శుక్రవారం ఆవిడ ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాను. టర్కీలో మా మేనత్త వాళ్ళ ఊళ్ళో ఆవిడ పేరు చెప్పి పేదవాళ్ళకి అన్నం పెట్టింది. మీ గంట పక్కన రాసున్న ఇర్మా అనే పేరు మా అత్తకి నోరు తిరగదు, నేర్చుకుని మరీ. పోయిన మనిషి ఆరోగ్యం కోసం. నాకు ఆ చోటు గురించి ఏం బాధ లేదు. ఆసుపత్రిలో రోజూ అబద్ధాలు వింటా, వాటిని పొల్లుపోకుండా రెండో భాషలోకి చెప్తా. అబద్ధం నాకు కొత్త కాదు. కానీ నా ప్రార్థనని పిచ్చిదాన్ని చేశారు మీరు."

నేను నిలబడే ఉన్నాను.

"అమ్మగారు ఎలా పోయారు?" అంది.

"నిద్రలో."

"అది నిజమేనా?"

నిజమే అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. "ఇంక రావద్దు," అని నెమ్మదిగా తలుపు వేసింది.

అక్టోబరు 20

కారు అమ్మేద్దామనుకున్నాను. అదీ ఎవరికో చూపించుకోవడానికేనని మానేశాను. కాలువ అవతల పెట్టి నడుస్తున్నాను.

నవంబరు 14, శుక్రవారం

గాలివాన. వంతెన మీద గొడుగు తిరగబడి పుల్లలు విరిగాయి. దాన్ని చెత్తకుండీలో పడేసి నడుస్తుంటే ఒక కారు పక్కన ఆగింది. లోపల్నుంచి వంగి తలుపు తెరిచింది సెవ్గి.

"ఎక్కండి."

"తడిసిపోయాను. మీ సీటు పాడైపోతుంది."

"ఎక్కండి. వెనక ట్రాము వస్తోంది."

ఎక్కాను. నా కోటు నుంచి నీళ్ళు కారి కింద పడుతున్నాయి.

"మీకోసం కాదు," అంది రోడ్డు వైపే చూస్తూ. "కుక్క తడుస్తున్నా ఆపేదాన్ని."

"తెలుసు."

మా వీధికి వచ్చాం. వెతుక్కునే పనిలేకుండా చోటు ఖాళీగా ఉంది, ఉండాల్సినట్టు. చేతులతోనే నడిపేలా మార్పించిన కారుని ఒక్కసారికే వెనక్కి తీసి సరిగ్గా మా గుమ్మం ముందు పెట్టింది.

"దిగండి. మీ ఇల్లొచ్చింది."

దిగాను. తాళం తీశాను. వెనక్కి చూస్తే ఆమె ఇంకా దిగుతోంది. ఒక కాలిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టింది. తర్వాత రెండోది. కర్ర నేలకి ఆనించి, ఆగి, లేచింది. వాన ఆమె నెత్తి మీద సూటిగా పడుతోంది.

లోపలి గొడుగుల బుట్టలోంచి ఒకటి లాక్కుని వెళ్ళి ఆమె మీద పట్టుకున్నాను. ఆమె గొడుగు వైపు చూసింది, నా వైపు కాదు. వద్దనలేదు. నడవడం మొదలుపెట్టింది.

మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ మధ్య ఎంత ఉందని. నేనైతే విసురుగా దాటేస్తాను. ఆమె ఒక అడుగు వేసి, కర్ర ముందుకి పెట్టి, ఇంకో అడుగు వేస్తోంది. నేనూ వేస్తున్నాను. మా కిటికీ కింద ఆగి గోడకి చేయి ఆనించి ఊపిరి తీసుకుంది. నేనూ ఆగాను. ఎదురింట్లో ఫెర్నాండ్ తెర కొంచెం పక్కకి జరిగింది, మళ్ళీ పడిపోయింది.

నాకు తెలియకుండానే నా ఎడమ చేయి ఆమె మోచేతి కిందికి వెళ్ళింది. తాకలేదు. పడితే పట్టుకోవడానికి వీలుగా, కొంచెం ఎడంగా, గాల్లో ఉంచాను. ఆమె ఆ చేయి చూసింది.

వాళ్ళ తలుపు దగ్గర తాళంచెవి తీస్తూ అడిగింది.

"మీ అమ్మగారినీ ఇలాగే నడిపించేవారా?"

"ఊఁ."

"ఇంత నెమ్మదిగా?"

"ఇంతకంటే నెమ్మదిగా."

తలుపు తెరిచింది. గడప దాటడానికి చాలాసేపు పట్టింది. లోపలికి వెళ్ళాక ఇటు తిరిగి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మరి ఈ నడక ఎలాంటిదో మీకు ముందే తెలుసుగా," అంది.

తలుపు మూసుకుంది.

తెలుసు.